నా గొంతుతో పలికిన జింక

వేటలో నేను ఇప్పటిదాకా పేల్చింది ఒకే ఒక్క గుండు. ఆ ఒక్క గుండు పుణ్యమా అని పావుగంట సేపు నేను హంతకుణ్ణి. ఈ మాట చమత్కారానికి రాయడం లేదు. ఆ పావుగంటలో నేను మనసులోనే అరెస్టయ్యాను, కోర్టులో తల దించుకుని నిలబడ్డాను, ఒక పెద్దావిడ కళ్ళలోకి చూసి ఏం చెప్పాలో తెలియక ముప్పై రకాలుగా మొదలుపెట్టి ముప్పై సార్లూ ఆగిపోయాను. మీరు నవ్వుకుంటూ చదవండి, నాకేమీ అభ్యంతరం లేదు. నేను మాత్రం ఇది రాస్తూ కూడా మధ్యమధ్య అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాను.

యవ్వనంలో చేసిన తప్పంటే వినేవాళ్ళు కొంచెం జాలిపడతారు. నాకా అదృష్టం కూడా లేదు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లలు. ఈ మంచుదేశంలో, సస్కాచెవాన్ రాష్ట్రపు రాజధాని రెజైనాలో ప్రభుత్వాఫీసు డేటాబేసులు చూసుకునే ఉద్యోగం. రోజంతా ఇతరులు ఎంటర్ చేసిన వివరాలు సరైనవో కావో సరిచూసి సంతకం పెట్టడమే నా పని. అలాంటివాణ్ణి, జీవితంలో సరిచూసుకోవాల్సిన ఒకే ఒక్క క్షణంలో సరిచూసుకోలేదు.

ఈ కథంతా ప్రభుదాసు గారింట్లో ఒక ఇగురుతో మొదలైంది.

ప్రభుదాసు గారిది తెనాలి దగ్గర ఊరు. ఇక్కడి యూనివర్సిటీలో నేలల గురించి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలం తాటిచెట్టులా ఉంటారు. ఆయన ఒక మాట అనడానికి తీసుకునే సమయంలో నేను నాలుగు వాక్యాలు చెప్పి, వాటిలో మూడింటికి క్షమాపణ కూడా చెప్పేయగలను. ఆయన భార్య కరుణ ఆంటీ. రెజైనా తెలుగువాళ్ళలో ఆవిడ చేతివంట తినని ఇల్లు లేదు. ఆవిడ పిలిస్తే నేను వెళ్ళేవాణ్ణి అనడం సరిపోదు. పిలవకముందే బూట్లు వేసుకుని కూర్చునేవాణ్ణి.

ఆ రోజు ఇగురు మూడోసారి వడ్డించుకున్నాక అడిగాను.

"ఇంత లేత మటన్ ఎక్కడ దొరికింది ఆంటీ?"

"దొరకలేదు నాన్నా. అంకుల్ వెళ్ళి తెచ్చారు. అది జింక."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. పక్కన మా ఆవిడ స్వప్న ముద్ద కూడా ఆగిపోయింది. తేడా ఏమిటంటే, ఆమెది కంచంలోకి తిరిగి వెళ్ళింది, నాది నోట్లోకి వెళ్ళింది.

ఇన్నాళ్ళూ నేను నేలల ప్రొఫెసర్ అనుకున్న మనిషి, పాతికేళ్ళుగా ప్రతి నవంబరులోనూ తుపాకీ భుజాన వేసుకుని వేటకు వెళ్తున్నారట. నాకు ఆయన ఒక్కసారిగా రెండడుగులు ఎత్తు పెరిగినట్టు కనిపించారు.

"నన్నూ తీసుకెళ్ళండి సార్."

ఆయన నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టారు. "సేఫ్టీ కోర్సు చేసి రా. తుపాకీ లైసెన్స్ తీసుకో. అప్పుడు మాట్లాడదాం."

చేశాను. కోర్సు నేర్పిన పెద్దాయన పేరు కెన్. ఆయన ఒకే మాటను రకరకాలుగా తిప్పి చెప్పేవాడు. నువ్వు కాల్చబోయేది ఏమిటో నీకు కచ్చితంగా తెలియాలి. దాని ముందు ఏముందో, వెనక ఏముందో తెలియాలి. కదలికను చూసి కాల్చకు, రంగును చూసి కాల్చకు, చప్పుడును విని కాల్చకు. దూరంగా ఉన్నదేమిటో చూడాలంటే బైనాక్యులర్స్‌తో చూడు. తుపాకీ మీదున్న స్కోప్‌తో చూశావంటే, అది మనిషైతే నువ్వు మనిషి మీద తుపాకీ గురిపెట్టినట్టే.

పరీక్షలో క్లాసు మొత్తానికీ నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. అదే నన్ను ముంచింది. ఆ రోజు నుంచి నేను కనిపించిన ప్రతివాడికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఎవరిదో పాప పుట్టినరోజుకి వెళ్ళి, కేక్ కోస్తుండగా ఆ పాప తండ్రిని మూలకు తీసుకెళ్ళి, "గురి కుదరడం పెద్ద విషయం కాదండీ, గురిలో ఉన్నదేమిటో తెలియడం ముఖ్యం" అని చెప్పాను. ఆయన పాపం హైదరాబాద్ నుంచి వచ్చి నెల రోజులు. ఎవరి గురి, ఎక్కడి గురి అని కూడా అడగలేక తలూపాడు.

"ఎవరికీ అక్కర్లేని విషయం ఇంత బాగా చెప్పేవాణ్ణి నిన్నే చూశా" అంది స్వప్న ఇంటికొచ్చేటప్పుడు కారులో.

నవంబరు వచ్చింది. ఒక శనివారం తెల్లవారుతుండగా ప్రభుదాసు గారి ట్రక్కులో బయల్దేరాం. గంటన్నర ప్రయాణం. ఆయన వేషం చూసి నాకు నవ్వొచ్చింది. గోధుమరంగు ఉన్ని కోటు, దానిమీద మెరిసే నారింజ వెస్టు, తలమీద నారింజ టోపీ. ఇవన్నీ సరే. మఫ్లర్ కట్టుకోవాల్సిన చోట మెడకు తెల్లటి నూలు తుండుగుడ్డ చుట్టుకున్నారు.

"చలికి అది ఆగుతుందా సార్?"

"చలికి కాదు, చెమటకి. మంచులో నడిస్తే ఒళ్ళు వేడెక్కుద్ది. నువ్వే చూస్తావుగా."

మేము వెళ్ళిన పొలం మార్లీన్ అనే ఆవిడది. డెబ్భై దాటిన వితంతువు. ఒంటరిగా వ్యవసాయం చేస్తుంది. మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, కిటికీలోంచి చెట్లవైపు చెయ్యి చాపింది. ఎక్కడైనా వేటాడుకోండి గానీ ఇంటివైపు మాత్రం వద్దు అంది. ప్రభుదాసు గారు పాతికేళ్ళుగా వింటున్న మాటే అయినా, మొదటిసారి వింటున్నట్టు తలూపారు. నేను పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవాడిలా తలూపాను.

చోటు గురించి ఇక్కడ కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే నేను వినలేదు. ఎదురుగా బారుగా పాప్లర్ చెట్ల గుంపు. ఎడమచేతివైపు బయలు, దాని వెనక ఒక మట్టిగుట్ట. కుడిచేతివైపు చివర కొన్ని గడ్డి చుట్టలు, వాటి వెనక చాలా దూరాన మార్లీన్ ఇల్లు, ఇంటి పక్కన వెండిలా మెరిసే రేకు గాదెలు. నన్ను ఒక చిన్న దిబ్బమీద కూర్చోబెట్టి ప్రభుదాసు గారు నెమ్మదిగా చెప్పారు.

"నేను చుట్టూ తిరిగి ఆ కుడి చివరికెళ్తా. అక్కణ్ణించి చెట్లలోకి దిగి ఎడమవైపుకి నడుచుకుంటా వస్తా. దిగే ముందు ఈ వాకీటాకీ రేడియోలో చెప్తా. జింకలుంటే నా చప్పుడుకి ఎడమపక్క బయట్లోకి వస్తాయి. వెనకాల గుట్టుంది కాబట్టి గుండు అందులోకే పోద్ది. అక్కడ మాత్రమే నువ్వు కాల్చాలి. అర్థమయిందా?"

"అర్థమయింది సార్."

"కుడిపక్క?"

"కుడివైపు చూడను కూడా చూడను."

"బైనాక్యులర్స్ ఏవి?"

"ట్రక్కులో ఉన్నాయి సార్. తాడు మెడకి ఒరుసుకుంటోంది."

ఆయన నా మెడవైపు చూశారు.  చాలా రోజుల తర్వాత నాకు చెప్పారు, అక్కడే వెనక్కి తిప్పి పంపాల్సిందని.

ఆయన వెళ్ళిపోయారు. నేను కూర్చున్నాను. సస్కాచెవాన్ నవంబరులో కదలకుండా కూర్చోవడమంటే ఏమిటో చెప్పాలంటే, మొదట కాలివేళ్ళు మనల్ని వదిలి వెళ్తాయి, తర్వాత ముక్కు సెలవు తీసుకుంటుంది, ఆ తర్వాత బుర్ర. నా బుర్రకైతే ఎక్కువసేపు పట్టలేదు. అరగంట గడిచిందనుకుని వాచీ చూస్తే పన్నెండు నిమిషాలు. మళ్ళీ చాలాసేపు ఆగి చూస్తే పదిహేను. రేడియోలో మాట లేదు. ఎడమవైపు బయట్లో ఒక్క కాకి వచ్చి, నన్ను చూసి, నాకంటే మంచి పని దొరికినట్టు ఎగిరిపోయింది.

ఈలోగా నా ఊహలో జింక అప్పటికే పడిపోయింది. దాని పక్కన మోకాలిమీద కూర్చుని నేను ఫొటో దిగాను. ఆ ఫొటోను ఏ గ్రూపులో పెట్టాలో, ఏ గ్రూపులో శాకాహారులున్నారో కూడా ఆలోచించాను. కరుణ ఆంటీ ఇగురు వండింది. "ఈసారి మురళి తెచ్చాడు" అని నన్ను చూపించి అందరికీ వడ్డించింది. ఇదంతా అయ్యాక జింక నిజంగా రావడమొక్కటే మిగిలింది.

అప్పుడు చూశాను. కుడివైపు.

చెట్ల చివర, కొమ్మల మధ్య గోధుమరంగు ఒళ్ళు. మనిషి నడుమంత ఎత్తున ఉంది. కదిలీ కదలనట్టు ఉంది. దానికి వెనకపక్క తెల్లగా ఏదో ఒకసారి పైకి లేచి కిందికి పడింది. తెల్లతోక. ఇక్కడి జింక బెదిరినప్పుడు తోక ఎత్తి తెల్లగా ఊపుతుందని కెన్ బొమ్మ గీసి మరీ చూపించాడు. మళ్ళీ ఊగింది.

 రైఫిల్ ఎత్తి స్కోప్‌లో కన్ను పెట్టాను. గోధుమరంగు కనిపించింది. తెలుపు కనిపించింది. దాని మీద రెండు కొమ్ములు కనిపించాయి. కొమ్ములు కనిపించాయి కదా, మరి తల? తల అవతలికి తిరిగి ఉంటుందనుకున్నాను. కాళ్ళు? పొదలో ఉంటాయనుకున్నాను. ప్రభుదాసు గారు ఈపాటికి చెట్ల నడుమకు వచ్చేసి ఉంటారనుకున్నాను. రేడియోలో చెప్పడం మరిచిపోయి ఉంటారనుకున్నాను. చూడండి, నాకు కనిపించినవి రెండు రంగులు. మిగతా జింకనంతా నేను దిబ్బమీద కూర్చునే తయారుచేసుకున్నాను.

సేఫ్టీ మీట తీశాను. పేల్చాను.

జింక పడిపోయింది.

ఆ క్షణంలో నా అంత సంతోషంగా ఉన్నవాడు ఆ రాష్ట్రంలో ఇంకొకడు ఉండడు. రేడియో నొక్కి, "సార్, పడింది. ఒక్క దెబ్బకే పడింది సార్" అన్నాను. జవాబు లేదు. చప్పుడుకి చెవులు గింగురుమంటున్నాయేమో అనుకున్నాను. రైఫిల్ భుజాన వేసుకుని మోకాళ్ళలోతు మంచులో కుడివైపుకి నడిచాను. నడిచాను అంటున్నాను గానీ, పెళ్ళికొడుకు మంటపానికి నడిచినట్టు నడిచాను.

సగం దూరం వెళ్ళాక మళ్ళీ రేడియో నొక్కాను. "సార్, ఎక్కడున్నారు?"

ముందున్న పొదల్లోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "...ఎక్కడున్నారు?"

ఆగాను. ప్రతిధ్వని అనుకున్నాను. ఆ బల్లపరుపు నేలమీద ప్రతిధ్వని ఎక్కణ్ణించి వస్తుందని అడగకండి. ఇంకో పదడుగులు వేసి, నెమ్మదిగా నొక్కాను.

"సార్?"

"సార్?" అంది జింక.

నేను కాల్చిన జింక, పొదలో పడి ఉండి, నా గొంతుతో నన్నే పిలుస్తోంది.

అది ఎలా సాధ్యమో నా కాళ్ళకు నాకంటే ముందు అర్థమైంది. అవి ఆగిపోయాయి. ప్రభుదాసు గారు తన రేడియోను కోటు జేబులో పెట్టుకోవడం పొద్దున నేను చూశాను. కోటు రంగు గోధుమరంగు. మెడ చుట్టూ తెల్లటి తుండుగుడ్డ.

ఆ మిగిలిన దూరం నేనెలా వెళ్ళానో నాకు గుర్తులేదు.  గుర్తున్నది, "ఆయన కాదు, ఆయన కాదు" అని ఎవరో అంటుంటే, అది నేనే అని తెలియడం. కరుణ ఆంటీ పొద్దున్నే మాకోసం కట్టిచ్చిన చపాతీల మూట నా వీపు సంచిలో అడుగడుగుకీ తగులుతోంది. ఆవిడకు ఏమని చెప్పాలి? ఆంటీ, ఒక చిన్న పొరపాటు జరిగింది. కాదు. ఆంటీ, మీరు ముందు కూర్చోండి. కాదు. ఆవిడ నిలబడే ఉంటుంది. నాకు తెలుసు.

పొదలో మంచుమీద కోటు బోర్లా పడి ఉంది. తుండుగుడ్డ పక్కన పరుచుకుని ఉంది. ఎక్కడా రక్తం లేదు. నేను మోకాళ్ళమీద కూలబడి, రెండు చేతులతో కోటును పట్టుకుని తిప్పాను. తేలిగ్గా తిరిగింది. లోపల మనిషి లేడు.

నమ్మండి, నాకు ఊరట కలగలేదు. మనిషి కోటులో లేకపోతే ఎక్కడికి పోయాడన్న కొత్త భయం పట్టుకుంది. చేతులతో చుట్టూ మంచు తవ్వడం మొదలుపెట్టాను. ఏం దొరుకుతుందని తవ్వానో ఇప్పటికీ చెప్పలేను.

"మురళీ."

గడ్డి చుట్ట వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. మామూలుగానే, నెమ్మదిగా.

"ఉన్నారా సార్?"

"ఉన్నా. నువ్వు లెగవకు. ముందు తుపాకీ కింద పెట్టు. మొన అటుపక్కకి. బోల్ట్ వెనక్కి లాగు. గుళ్ళన్నీ బయటికి తియ్యి. తీసి నాకు వినపడేట్టు లెక్కపెట్టు."

ఒక్కొక్కటీ తీసి గట్టిగా లెక్కపెట్టాను. అప్పుడు గడ్డి చుట్ట వెనక నారింజ టోపీ లేచింది. తర్వాత నారింజ వెస్టు. ప్రభుదాసు గారు ఒంటినిండా మంచుతో, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని బయటికి వచ్చారు.

జరిగిందేమిటంటే, అంతదూరం మంచులో చుట్టూ తిరిగి నడిచేసరికి ఆయనకు చెమట పట్టింది. కోటు విప్పి కొమ్మకు తగిలించారు. తుండుగుడ్డతో మొహం తుడుచుకుని దాన్నీ కోటుమీదే వేశారు. నారింజ వెస్టు మాత్రం స్వెట్టర్ మీద మళ్ళీ వేసుకున్నారు, ఎందుకంటే ఆయనకు బుద్ధుంది. తర్వాత మార్లీన్ ఇచ్చిన రెండు కప్పుల కాఫీ వల్ల గడ్డి చుట్ట వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన అక్కడుండగా గుండు పేలింది. ఉన్నపళంగా మంచులో బోర్లా పడుకుండిపోయారు. రెండో గుండు వస్తుందేమోనని లేవలేదు. రేడియో కోటులో ఉంది కాబట్టి నన్ను ఆపలేకపోయారు.

నేను కొమ్ములనుకున్నవి ఆ కొమ్మకున్న రెండు ఎండుపుల్లలు.

ఆయన నా పక్కన మంచులో కూర్చున్నారు. కోటును దులిపి ఒళ్ళో పెట్టుకున్నారు. 

"ఏం చూశావు?" అన్నారు.

"జింకని సార్."

"నువ్వేమనుకున్నావని అడగట్లేదు. ఏం చూశావు?"

"బ్రౌన్‌గా... తెల్లగా ఊగింది సార్."

"తల చూశావా?"

"లేదు సార్."

"కాళ్ళు?"

"లేదు సార్."

"నేను చెట్లలోకి దిగానని రేడియోలో చెప్పానా?"

"లేదు సార్."

"సరే. ఇంకొకటి. గుండు ఎటు పోయింది?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. కోటుతో పని అయిపోయిన గుండు అక్కడే ఎక్కడో పడి ఉంటుందని అనుకున్నాను. ఆయన కోటు ఎత్తి చూపించారు. ముందునుంచి ఒక చిల్లు, వెనకనుంచి ఒక చిల్లు. ఆ రెండు చిల్లుల గుండా చూపు సాగదీస్తే అవతల వెండిలా మెరుస్తున్న గాదెలు. వాటి పక్కన ఇల్లు.

ఆయన నడవలేదు, పరుగెత్తారు. డెబ్భై ఏళ్ళ మనిషి మంచులో పరుగెత్తుతుంటే వెనక నేను పడుతూ లేస్తూ పోయాను. ఈసారి "ఆవిడ కాదు, ఆవిడ కాదు" అనుకుంటూ.

మార్లీన్ గాదె దగ్గర నిలబడి ఉంది. నిలబడి ఉందని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ బొటనవేలు గాదె రేకుమీద నొక్కిపెట్టి ఉంది. వేలి పక్కనుంచి సన్నటి ధారగా నల్లటి గింజలు కారుతున్నాయి. కనోలా. మన ఆవాలకు దగ్గరి చుట్టం.

"మీ ఇద్దరిలో ఎవరు?" అని అడిగింది ఇంగ్లీషులో.

ప్రభుదాసు గారు తన తప్పేనని చెప్పడం మొదలుపెట్టారు. నేను చెయ్యెత్తాను, బళ్ళో ఎత్తినట్టు.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "కాసేపటి క్రితం నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాను. రాంగ్ నంబర్" అంది. తర్వాత, "ఇలా రా. వేలు పెట్టు. నేను బోల్టు, రబ్బరు వాషరు వెతికి తెస్తా" అని వెళ్ళిపోయింది.

పెట్టాను. ఆవిడ ఎంతసేపు వెతికిందో నాకు తెలియదు. చిల్లు చిన్నదే గానీ అంచులు లోపలికి వంగి, వేలు ఎంత నొక్కినా సందు మిగులుతోంది. అవతలివైపు రేకుకు ఇంకో చిల్లు ఉండి ఉండాలి, కానీ గింజలే గుండును మింగేశాయట. గాదెలోపల టన్నుల కొద్దీ ఆవాల చుట్టం నా వేలిమీద బరువు మోపి, సందు దొరికినచోటల్లా కారి, నా చేతి గ్లవ్‌లోకి, అక్కణ్ణించి మోచేతికి, కోటు చేతుల్లోంచి చంకలోకి, చివరికి బూటులోకి చేరింది. ఇల్లు తుడిచినప్పుడల్లా మా కార్పెట్‌లోంచి ఆ గింజలు చాలాకాలం వస్తూనే ఉన్నాయి. ఆ చలిలో ఆ గాదెకు అతుక్కుని నిలబడి, ఒక రాంగ్ నంబర్ గురించి, రెండు కప్పుల కాఫీ గురించి ఆలోచించాను. ఇద్దరు మనుషులు బతికి ఉన్నది నా తెలివివల్ల కాదు. నా కోర్సువల్ల కాదు. నా మార్కులవల్ల అసలే కాదు.

చిల్లు మూశాక ప్రభుదాసు గారు ఫోన్ తీశారు.

"ఎవరికి సార్?"

"వన్యప్రాణుల ఆఫీసర్‌కి. మనమే చెప్పాలి."

"ఎవరికీ ఏమీ కాలేదుగా సార్."

ఆయన నావైపు చూశారు. తర్వాత ఫోన్ నా చేతికే ఇచ్చారు. "నువ్వే చెప్పు. అయితే ఆ ముక్క మాత్రం అనకు."

ఆకుపచ్చ యూనిఫాంలో వచ్చిన ఆఫీసర్ చిన్నమ్మాయి. నా మేనకోడలి వయసు. మర్యాదగా కాయితాలు తీసి రాసుకుంది. ఏ జంతువును కాల్చారు అని రాయాల్సిన చోట పెన్ను ఆపింది.

"దేన్ని కాల్చారు సార్?"

"కోటుని."

"కోటు అని తెలిసే కాల్చారా?"

"లేదండీ."

"ఏమని తెలిసి కాల్చారు?"

నేను గ్లవ్‌లోంచి గింజలు దులుపుకున్నాను. ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది. నా మొత్తం విద్యాభ్యాసంలో అంత నిజాయితీగా ఖాళీ వదిలిన జవాబు అదొక్కటే. ఆ సీజన్‌కి నా వేట ముగిసింది. నా మీద కేసు రాశారు. కోర్సు మొదటినుంచీ మళ్ళీ చేయమన్నారు.

అన్నిటికంటే కష్టమైనది ఆ సాయంత్రం. నేను తిన్నగా ఇంటికి పోతానంటే ప్రభుదాసు గారు ఒప్పుకోలేదు. "వచ్చి చెప్పు. రేపటికి ఇంకా కష్టమైపోద్ది" అన్నారు.

చెప్పాను. కరుణ ఆంటీ కోటు అందుకుంది. చిల్లులో వేలు పెట్టి చూసింది. తర్వాత భర్తవైపు తిరిగి, "ఇది తొడుక్కోండి ఒకసారి" అంది. ఆయన తొడుక్కున్నారు. ఆవిడ దగ్గరికెళ్ళి, చిల్లు ఎక్కడ వచ్చిందో చూసి, ఆ చోట అరచెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. ఎడమవైపు. జేబుకి రెండు వేళ్ళు పైన.

"గురి మాత్రం బాగుంది" అన్నారు ప్రభుదాసు గారు, ఆవిణ్ణి నవ్వించాలని.

ఆవిడ నవ్వలేదు. నేను ఆ గదిలోంచి మాయమైపోవడానికి దారి ఉంటే పోయేవాణ్ణి.

"భోంచేసి వెళ్ళు" అంది ఆవిడ నావైపు చూడకుండా. నాన్నా అనలేదు.

బల్ల దగ్గర ప్రభుదాసు గారు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఎప్పుడూ పెద్దగా ఉంటుంది. ఆ రోజు ఒక్క వాక్యం. "ప్రభువా, ఈ పూట ఈ బల్ల దగ్గర ముగ్గురం ఉన్నందుకు నీకు స్తోత్రం."

ఆమెన్ అనడానికి నోరు తెరిచాను. వచ్చింది ఏడుపు. ముప్పై నాలుగేళ్ళ మగవాణ్ణి, పప్పన్నం ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుస్తుంటే చొక్కా చేతుల్లోంచి కనోలా గింజలు కంచంలోకి రాలుతున్నాయి. చాలాసేపటికి ఆంటీ లేచి వచ్చి, ఆ కంచం తీసేసి, కొత్త కంచం పెట్టింది.

"ఆవాలు ఎక్కువయ్యాయి. ఇందులో తిను నాన్నా" అంది.

ఇంటికెళ్ళి స్వప్నకు చెప్పాను. మొత్తం విని, "సార్‌ని కాల్చబోయి, వాళ్ళింట్లోనే భోంచేసి వచ్చావా?" అంది. అప్పటినుంచి బయట ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, గుమ్మం దగ్గర నాకు ఆ మాట వినిపిస్తుంది.

మళ్ళీ కోర్సుకు వెళ్ళాను. కెన్ నన్ను గుర్తుపట్టాడు. ఎక్కువ మార్కులు వచ్చినవాణ్ణి ఎవరు మరిచిపోతారు? జరిగింది విని నవ్వలేదు. "ఇది నేను చెప్తే నిద్రపోతారు. నువ్వు చెప్తే వింటారు. ముందుకొచ్చి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఏడూ పిలుస్తున్నాడు. ఏడాదికొకసారి ముక్కూమొహం తెలియని ముప్పైమంది ముందు నిలబడి, నేనెంత మూర్ఖుణ్ణో వివరంగా చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వస్తున్నాను.

మళ్ళీ వేటకు కూడా వెళ్తున్నాను. రెండేళ్ళు ప్రభుదాసు గారు నా చేతికి బైనాక్యులర్స్ తప్ప ఏమీ ఇవ్వలేదు. మూడో ఏడు తుపాకీ ఇచ్చారు. ఇచ్చాక నా పక్కనే కూర్చున్నారు. ఇప్పటికీ నా పక్కనే కూర్చుంటారు.

మొన్నటి క్లాసులో కథంతా విన్నాక వెనక వరసలో ఒకాయన చెయ్యెత్తాడు.

"అప్పటినుంచీ ఎన్ని జింకల్ని కొట్టారు?"

"ఒక్కటీ లేదు."

"ఏడాదికోసారి వెళ్తున్నానన్నారుగా. ఒక్కటీ కనిపించలేదా?"

"చాలా కనిపించాయి. తల చూసుకుంటాను. చెవులు చూసుకుంటాను. కాళ్ళు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటాను. వెనక ఏముందో చూసుకుంటాను. ఇక అది జింకేనని నాకు పూర్తిగా నమ్మకం కుదిరేసరికి, అది పక్క రాష్ట్రం మానిటోబా చేరుకుంటుంది."

క్లాసంతా నవ్వింది. కెన్ మాత్రం నవ్వకుండా, అదీ సరైన పద్ధతి అన్నట్టు తలూపాడు.

కాబట్టి చదువరులారా, మీ అందరి ఎదుటా కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ముందుకు వచ్చిన ఏ ప్రాణినైనా ముట్టె నుంచి తోక దాకా పూర్తిగా చూడనిదే, దాని వెనక ఎవరి పొలముందో, ఎవరి ఇల్లుందో, ఎవరు నిలబడి ఉన్నారో తెలుసుకోనిదే, నా వేలు ట్రిగ్గర్ దరిదాపులకు పోదు. ఈ విచారణ ముగిసేలోపు ఆ జింకకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళు కూడా నా ముందు నుంచి తీరిగ్గా నడిచి వెళ్ళిపోతే పోనివ్వండి. వాళ్ళను కూడా జింకలేనా కాదా అని మొదటినుంచీ సరిచూసుకుంటాను.